పాత సర్వోను పారవేయుటకు ముందు

రేడియో తరంగములతో నడుపబడు నమూనా విమానములను జీవితమంతయు ప్రేమించి, నిర్మించి, ఎగురవేసిన పెద్దమనిషి యొకడు కాలధర్మము నొందినపుడో, కన్ను మందగించి చేయి వణకి ఆ వ్యాసంగమును విడిచిపెట్టినపుడో, అతని పనిగదిలోని అలమరనుండి బయటపడు సామానులో మూడేసి నాలుగేసి తీగలు వ్రేలాడుచుండెడి చిన్న నల్లని పెట్టెలు కొన్ని తప్పక కనిపించును. వీనిని సర్వోలందురు. పిమ్మట వానికి పట్టుగతి సాధారణముగా రెండు విధములు. ఇంత పాతది యెందులకని తుక్కులో పడవేయుట మొదటిది. ప్లగ్గు సరిపోయినది గదా యని క్రొత్త రిసీవరునకు తగిలించి చూచుట రెండవది. మొదటిదానివలన ఇంకను పనిచేయదగిన వస్తువు నశించును. రెండవదానివలన ఆ వస్తువుతోపాటు రిసీవరును, ఒక్కొక్కప్పుడు విమానమును గూడ నశించును. ఈ రెంటికిని నడుమ మూడవ మార్గమొకటి కలదనియు, అది గుర్తింపుతోనే ప్రారంభము కావలెననియు, ఇది ఎవరు చేసినది, ఏ కాలమునాటిది, ఎట్టి సంకేతమునకు కదలునది యని తేల్చుకొననిదే పాత సర్వోకు విద్యుత్తు నీయరాదనియు నా దృఢాభిప్రాయము.

సర్వో చేయు పని చూచుటకు స్వల్పము, ఆలోచించిన గంభీరము. నేలపై నిలిచినవాడు ట్రాన్స్‌మిటరు స్టిక్కును కొంచెము జరిపినచో ఆకాశమందున్న విమానపు రడ్డరు కొంచెమే తిరుగవలెను. సగము జరిపినచో సగమే తిరుగవలెను. ఎదురుగాలి దానిని వెనుకకు నెట్టజూచినను ఆ చోటును విడువక నిలువవలెను. ఇందులకై ఆ పెట్టెలో ఒక మోటారు, దాని వేగమును తగ్గించి బలమును పెంచు గేర్ల వరుస, బయటి ఇరుసు ఎంత తిరిగినదో ఎప్పటికప్పుడు తెలుపు పొటెన్షియోమీటరు, వీనినన్నిటిని ఏలు ఆంప్లిఫయరు ఇమిడియుండును. రిసీవరునుండి సెకనుకు సుమారు 50 మారులు ఒక విద్యుత్ స్పందము వచ్చును. అది ఒక మిల్లీసెకను నిలిచిన చేయి ఒక కొసకును, రెండు మిల్లీసెకనులు నిలిచిన రెండవ కొసకును, ఒకటిన్నర నిలిచిన నడుమకును పోవలెను. ఆంప్లిఫయరు తనలో తానొక స్పందమును పుట్టించుకొని, దాని నిడివిని పొటెన్షియోమీటరు చెప్పినట్లు దిద్దుకొని, వచ్చినదానితో సరిపోల్చి, రెంటికిని భేదమున్నంతవరకు మోటారును త్రిప్పి, భేదము తీరగానే ఆపివేయును.

విద్య ఈ స్థితికి ఒక్కనాటిలో రాలేదు. 1938లో డెట్రాయిటు నగరమున జరిగిన అమెరికా జాతీయ పోటీలలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అను కవల సోదరులు తమ ‘గఫ్’ అను విమానమును రేడియోతో నడిపి చూపిరి. ఆ విమానము నేడు స్మిత్‌సోనియన్ వారి ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. ఆ తొలిదినములలో ఎక్కువగా వాడబడిన ఎస్కేప్‌మెంటు మెలిపెట్టిన రబ్బరు బలముచేత మీటను ఒక్కొక్క మెట్టు త్రిప్పెడిది. దానికి పూర్తిగా కుడి, పూర్తిగా ఎడమ, నడుమ తప్ప మఱియొక స్థితి తెలియదు. 1950లలో రీడు పద్ధతి వచ్చెను. హార్మోనియమునందువలె ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క రేకు అదరి, ఆ రేకునకు చెందిన సర్వోను కదలించెడిది. హొవార్డ్ బానర్ రూపొందించిన డ్యూరమైట్, ట్రాన్స్‌మైట్ అను సర్వోలు ఆ యుగమున ప్రసిద్ధి కెక్కినవి. 1960ల ఆరంభమున డగ్ స్ప్రెంగ్, డాన్ మాదర్స్ అనువారు స్టిక్కు జరిగినంతే సర్వో చేయి తిరుగునట్లు స్పందపు నిడివినే సంకేతముగా చేసిన డిజిటల్ ప్రపోర్షనల్ పద్ధతిని వెలయించిరి. కాలిఫోర్నియాలో క్రాఫ్ట్ సిస్టమ్స్ అను సంస్థను నెలకొల్పిన ఫిల్ క్రాఫ్ట్ 1967లో కార్సికా ద్వీపమున జరిగిన రేడియో నమూనా విమానముల పోటీలలో ప్రపంచ విజేత యయ్యెను. అతని సర్వోలు కె.పి.ఎస్. అను మూడక్షరములతోను ఒక సంఖ్యతోను నేటికిని పాత పెట్టెలలో కనిపించుచుండును. పిమ్మట జపానుదేశపు ఫుటాబా, సాన్వా, జె.ఆర్. సంస్థలు లోకమంతటను వ్యాపించినవి. ఈ చరిత్రను ఇంతమాత్రమైన నెఱుగనివానికి చేతిలోని పెట్టె ఏ మెట్టుపై పుట్టినదో తెలియదు. అది తెలియనిచో దానికి ఏమి కావలెనో అసలే తెలియదు.

గుర్తింపునందు చాలమంది మొదట పేరుచీటీని వెదకుదురు. చీటీ ఉన్న మంచిదే. ఫుటాబావారి పాత సర్వోలపై ఎఫ్.పి.-ఎస్28, ఎఫ్.పి.-ఎస్148 అని స్పష్టముగా నుండును. కాని చీటీకంటె తీగలు ఎక్కువ చెప్పును. మూడు తీగలున్నచో ధనము, ఋణము, సంకేతము అని ఊహింపవచ్చును. నాలుగు తీగలున్న ప్రపోర్షనల్ సర్వో చేజిక్కినచో, అది 1970ల నడిమికి పూర్వపుదని తలంచుట ఇంచుమించు నిశ్చయము. ఆనాడు నాలుగు నికెల్-కాడ్మియము సెల్లులను వరుసగా కూర్చి 4.8 వోల్టుల బ్యాటరీని చేసి, దాని నడుమనుండి, అనగా 2.4 వోల్టులవద్దనుండి, ఇంకొక తీగను లాగెడివారు. మోటారు యొక్క ఒక కొస ఎల్లప్పుడు ఈ నడిమి తీగకే అంటియుండును. రెండవ కొసను ఒక ట్రాన్సిస్టరు ధనమునకును, మఱియొక ట్రాన్సిస్టరు ఋణమునకును కలుపుచుండును. అందుచేత మోటారు ఇటునటు తిరుగుటకు రెండే ట్రాన్సిస్టర్లు చాలినవి. ట్రాన్సిస్టర్లు ఖరీదైన ఆ దినములలో ఇది ఎంతటి మితవ్యయమో, ఎంతటి తెలివియో గమనింపుడు. తరువాత మోటారును రెండు వైపులనుండి పట్టి త్రిప్పగల బ్రిడ్జి వలయము చిన్న ఐ.సి.లలో ఇమిడినందున నాలుగవ తీగ అవసరము తీరిపోయినది. సిగ్నెటిక్స్ వారి ఎన్.ఇ.544 వంటి ఐ.సి.ని బోర్డుపై చూచినయెడల మీరు ఆ మలుపునకు ఈవలి గట్టున నున్నారని తెలిసికొనవచ్చును.

ప్లగ్గులు మోసపుచ్చును. డీన్స్ వారి చిన్న ప్లగ్గులను పలు సంస్థలు వాడినవి. అందువలన ప్లగ్గునుబట్టి సంస్థను నిర్ణయించుట సాధ్యము కాదు. ఫుటాబావారు ముందు జి ప్లగ్గును, పిదప జె ప్లగ్గును వాడిరి. అన్నిటికంటె అపాయకరమైనది రూపమున నేటి ప్లగ్గువలెనే యుండి లోపల తీగల వరుస మారినది: సాన్వావారి పాత సర్వోలలో ధనఋణముల స్థానములు ఇతరులవానికి భిన్నముగా నుండుటచేత, చూచుకొనక గ్రుచ్చినవారి ఆంప్లిఫయరు క్షణములో కాలిపోవును. తీగల రంగులను నమ్ముట గూడ సగము నమ్మకమే. యాబదియేండ్లలో ఎవరో ఒకరు ప్లగ్గును మార్చి, దొరికిన తీగను అతికియుందురు. కావున పెట్టెను విప్పి, బోర్డుమీద ఏ తీగ ఎక్కడ టంకము చేయబడినదో కంటితో చూచుటయే ప్రమాణము.

సంకేతము మాట యింకను మిగిలినది. కొన్ని పాత వ్యవస్థలలో స్పందము ధనదిశలో గాక ఋణదిశలో వచ్చెడిది. అట్టి సర్వోకు నేటి రిసీవరును తగిలించినచో అది యేమియు వినదు, లేదా పిచ్చిగా ఒక కొసకు పోయి అచ్చటనే గింజుకొనును. దానిని చూచి చెడినదని తీర్మానించి పారవేసినవారెందరో! నిజమునకు ఒక ట్రాన్సిస్టరుతో సంకేతమును తలక్రిందులు చేసిన చాలును. నడిమి స్థానపు స్పందము గూడ అందరిది ఒక్కటి కాదు: ఫుటాబా పాతవానిలో 1.31 మిల్లీసెకనులు, తరువాతివానిలో 1.52, జర్మనీదేశపు మల్టీప్లెక్స్ వారి పాతవానిలో 1.6. చేయి నడుమకు రాక ఒక ప్రక్కకు ఒదిగి నిలుచుటకు గేరు పండ్లు తప్పుట యొక్కటే కారణము గాదని దీనివలన తెలియును.

ఇక రూపము. కొన్నింటికి తిరుగు చేయి యుండదు. దానికి మారుగా పైమూతలో రెండు పండ్లకడ్డీలు ఒకటి ముందుకును ఒకటి వెనుకకును జరుగుచుండును. చక్రాలను లోనికి మడుచుటకై చేసినవి నూట ఎనుబది డిగ్రీలు తిరిగి కొసలందే ఆగును గాని నడుమ నిలువవు; వీనిని ఎలివేటరునకు కట్టరాదని వేరుగ చెప్పనక్కఱలేదు.

గుర్తించిన పిమ్మట పరీక్ష. ఇందు నే నెక్కువ ప్రాధాన్య మిచ్చునది పొటెన్షియోమీటరు. అడుగునున్న నాలుగు పొడవాటి స్క్రూలను విప్పి మూతను తీసినచో, ఒకప్పటి మెత్తని గ్రీజు పసుపుపచ్చని మైనమువలె గట్టిపడి గేరు పండ్ల సందులలో పేరుకొనియుండును. దానిని తుడిచివేసి, పొటెన్షియోమీటరు తీగలను బోర్డునుండి విడదీసి, మీటరును ఓములకు త్రిప్పి, ఒక ముల్లును నడిమి కొనకును ఒక ముల్లును ప్రక్క కొనకును ఆనించి, మోటారు గేరును వ్రేలితో మెల్లమెల్లగా త్రిప్పవలెను. మీటరుపై అంకెలు ఎక్కడను తడబడక ఒక్క తీరున పెరుగవలెను, ఒక్క తీరున తగ్గవలెను. నడిమి భాగమునకు వచ్చుసరికి అంకె హఠాత్తుగా ఎగిరి మరల దిగినచో, అచ్చట కార్బను పొర అరిగిపోయినదన్నమాట. నడుమనే ఎందుల కరుగును? విమానము తిన్నగా ఎగురునంతసేపు సర్వో చేయి అక్కడనే యుండి, ఇంజను అదురునకు అదే వెండ్రుకవాసి చోటున ఇటునటు రాపిడి పడుచుండును గనుక. కొంచెము మురికియైన కాంటాక్టు క్లీనరుతో పోవును. అరుగుదలయైన ఏ మందును పనిచేయదు, పొటెన్షియోమీటరును మార్చవలసినదే. పైనున్న చేతిని పట్టి బలవంతముగా త్రిప్పిచూచు అలవాటు మాత్రము మానవలెను. నైలాను గేర్లు ఆ బలమునకు పండ్లూడి, అంతవరకు బాగుగనున్న సర్వో పరీక్షవల్లనే పాడగును.

ఆంప్లిఫయరు కాలిపోయి, మోటారు, గేర్లు, పెట్టె చక్కగనున్న సర్వోలు మనకు తరచుగా తారసపడును. క్రొత్త సర్వో ఒకదానినుండి బోర్డును తీసి వీనిలో నమర్చుట చాలమంది చేయుపనియే. మోటారు ఒక కొసకు పరుగెత్తి ఆగక కొట్టుకొనినచో మోటారు తీగలు రెండింటిని తారుమారు చేయవలెను. సరిగా నిలుచుచు ఎదురుదిశకు మాత్రమే తిరిగినచో మోటారు తీగలతోపాటు పొటెన్షియోమీటరు ప్రక్కతీగలను గూడ మార్చవలెను. ఇంతవరకు సులభమే. నాలుగు తీగల సర్వోకడ మాత్రము ఒక చిక్కు కలదు. దాని మోటారు 2.4 వోల్టులకు చేయబడినది; క్రొత్త బోర్డు దానికి ఇంచుమించు రెట్టింపు వోల్టేజి నిచ్చును. మోటారు అమితవేగముతో పోయి, చేరవలసిన చోటును దాటి, వెనుకకు వచ్చి, మరల దాటి, నిలువలేక అదరుచుండును. అది తీసికొను విద్యుత్తును భరింపలేక చిన్నరకపు బోర్డు కాలిపోవును. ఇట్టివానికి తగిన మోటారును గూడ మార్చుటయో, లేక పాత ఆంప్లిఫయరు బాగుగనే యున్నచో నాలుగు సెల్లుల బ్యాటరీకి మరల నడిమి తీగను లాగి ఉన్నదున్నట్లు వాడుటయో మేలు. రెండవదియే నాకు ఎక్కువ ఇష్టము. రిసీవరు నేటిదే యైనను, సర్వో తాను పుట్టిన పద్ధతిలోనే పనిచేయును.

ఇక్కడ ఒక వివేచన అవసరము. వేలకొలదిగా అమ్ముడుపోయిన సర్వోను విప్పి, బోర్డు మార్చి, ఎగురవేయుట దోషము కాదు. అది ఎగురుటకే చేయబడినది. కాని రీడు యుగపు సర్వో, మొదటి ప్రపోర్షనల్ యుగపు సర్వో, కిట్టుగా వచ్చి ఎవరో తమ చేతులతో టంకము చేసికొన్న హీత్‌కిట్ సర్వో మొదలగువానిలో క్రొత్త బోర్డును దూర్చుట మాత్రము నేను ఒప్పుకొనను. వానియందలి విలువ లోపలి వలయమునందే కలదు. ఇండియానా రాష్ట్రపు మన్సీ నగరమున అమెరికా నమూనా విమానశాస్త్ర ప్రదర్శనశాల ఉన్నది. అట్టిచోట్లకు పోదగిన వస్తువును ఒక ఆదివారపు వినోదమునకై చీల్చివేయుట న్యాయము కాదు. బోర్డును తీయక తప్పనిచో, తీసినదానిని కవరులో పెట్టి, ఏ సర్వోనుండి ఎప్పుడు తీసినదో వ్రాసి, ఆ సర్వోతోనే ఉంచవలెను.

ఇంత శ్రమ యెందులకు, తొమ్మిది గ్రాముల ఎస్.జి.90 సర్వో రెండువందల రూపాయలలోపునే దొరకుచుండగా, అని యడుగువారు కలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే. డబ్బు లెక్క చూచినచో పాత సర్వో నిలువదు. కాని 1970లనాటి విమానమును నాటి రూపముననే నిర్మింప బూనుకొన్నవానికి, దాని చట్రములోని ఆ చోటులో ఆ పరిమాణపు సర్వోయే ఇముడును, ఆ కడ్డీకి ఆ చేయియే అందును. అంతకంటె ముఖ్యమైనది, పాత సర్వో విప్పిచూపుటకు వీలైనది. ఫుటాబా ఎస్148నే తీసికొనుడు: నలుబదినాలుగు గ్రాముల బరువు, 4.8 వోల్టులకడ సుమారు మూడు కిలోగ్రాము-సెంటీమీటరుల బలము. దానిలోని ప్రతి భాగమును పేరుపెట్టి వ్రేలితో చూపవచ్చును. మన ఇంజనీరింగు కళాశాలలలో కంట్రోల్ సిస్టమ్స్ అను పాఠమును విద్యార్థులు సమీకరణములుగా వల్లించి పరీక్ష వ్రాయుచున్నారు. పోల్చుట, భేదమును తెలియుట, దిద్దుకొనుట, అతిగా దిద్దుకొని ఊగుట అనునవి యన్నియు ఒక పాత సర్వోను బల్లపై విప్పిపెట్టి అరగంటలో కన్నులార చూపవచ్చును. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకి పోయినచో దీనికి వలసిన ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు, తీగలు అన్నియు దొరకును. నమూనా విమాన నిర్మాణమును నేర్పెడి ఎన్.సి.సి. వైమానిక విభాగమునందును ఈ పాఠమునకు చోటున్నది.

పునర్వినియోగమునకు హద్దులున్నవని మఱచిపోరాదు. పాత సర్వో 4.8 వోల్టులకు పుట్టినది. రెండు సెల్లుల లిథియం బ్యాటరీ నిండుగనున్నపుడు 8.4 వోల్టులు. రెగ్యులేటరు లేక వీనిని కలిపినవాడు సర్వోను చేతులార కాల్చినట్లే. నేటి 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్లలో కొన్ని 3.3 వోల్టుల స్పందమునే పంపును, పాత ఆంప్లిఫయరు దానిని గ్రహింపకపోవచ్చును. 11 మిల్లీసెకనుల కొకమారు సంకేతము పంపు వేగపు పద్ధతిని ఎంచుకొన్నచో అనలాగ్ సర్వో వేడెక్కును. ట్రాన్స్‌మిటరులో నెమ్మది పద్ధతిని ఎంచుకొనవలెను. పాత బ్యాటరీల ఋణ తీగ పైపొరలోపలనే నల్లబారి కుళ్లిపోయియుండును, అట్టి తీగపై టంకము అంటదు. బ్యాటరీని, స్విచ్చును, వాని తీగలను నిస్సందేహముగా పారవేయవలెను. ఎంత చక్కగా పరీక్షింపబడినను, పాత సర్వోను బరువైన వేగవంతమైన విమానపు ఎలివేటరునకు కట్టుటకు నేను సమ్మతింపను. ఎలివేటరు పోయిన విమానము ఎవరి తలపై పడునో చెప్పలేము. థ్రాటిలునకు, నెమ్మదిగా సాగు తేలికపాటి గ్లైడరు రడ్డరునకు వాడవచ్చును. అదియు బల్లపై గంటల తరబడి బరువు మోయించి, అది తీసికొను విద్యుత్తును కొలిచిన పిమ్మటనే.

మన దేశమున ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిర్వహణకు చేసిన 2022 నాటి నిబంధనలు 2023 ఏప్రిలు 1 నుండి అమలులో నున్నవి. అదే 2022లో వస్తువులను బాగుచేసికొను హక్కును గూర్చి ఆలోచించుటకు కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ ఒక సంఘమును నియమించి, వ్యవసాయ పరికరములు, సెల్‌ఫోనులు, గృహోపకరణములు, వాహనములు అను రంగములను ముందుగా ఎన్నుకొన్నది. ఈ చిన్న పెట్టెలవంటి వానికిని ఆ హక్కు చెందవలెనని నేను కోరుచున్నాను. ఎందుకనగా 1960లనాటి సర్వోను నేడు మనము గుర్తింపగలుగుచున్నామన్నచో, దానికి కారణము ఆనాటివారు వలయ చిత్రములను దాచకుండుట. హీత్‌కిట్, ఏస్ ఆర్.సి. వంటి సంస్థలు కిట్టుతోపాటు చిత్రమును, ప్రతి భాగపు విలువను అచ్చువేసి యిచ్చినవి. పత్రికలలో నిర్మాణ వ్యాసములు వెలువడినవి. నేటి డిజిటల్ సర్వో బోర్డుమీద ఒక చిన్న ప్రాసెసరు ఉండును. దానిలోని ప్రోగ్రాము, దానిని మార్చు సాఫ్ట్‌వేరు, నిర్మాతయొద్దనే యుండును. ఆ నిర్మాత వ్యాపారమును మూసివేసిన మఱునాడు అది ఏ వోల్టేజికి, ఏ స్పందమునకు, ఏ వేగమునకు సిద్ధపరుపబడినదో చెప్పగలవా డుండడు. ఆ స్థితి రాకుండుటకు నిర్మాతలు చేయవలసినది స్వల్పమే: పెట్టె అడుగున చెరగని అక్షరములతో వోల్టేజి హద్దులు, నడిమి స్పందపు నిడివి, ప్లగ్గులో తీగల వరుస అచ్చువేయుట, తయారీ ఆపివేసిన నమూనాల వలయ చిత్రములను అందరికిని విడుదల చేయుట. క్లబ్బులవారు చేయవలసినదియు ఇట్టిదే: తమ సభ్యులయొద్ద నున్న ప్రతి పాత సర్వోను ఒకమారు విప్పి, తీగల వరుసను, పొటెన్షియోమీటరు విలువను, స్పందపు దిశను, మోటారు వోల్టేజిని ఒక పుస్తకమున నమోదు చేసి, ఆ చీటీనే సర్వోకు అంటించి, తరువాత కొనువాని చేతి కందజేయుట.